భద్రావతి: చూడవలసినవి, వెంట తీసుకొని పోవలసినవి

ఉగాది సంచిక చేతికి రాగానే మన వారు మొదట వెదకేది కన్న ఊరి ముచ్చట్లు. గోదావరి గట్టు, కృష్ణ ఒడ్డు, అమ్మమ్మగారి ఇంటి వేపచెట్టు: ప్రవాసంలో ఉన్న మనకు ఇవి ఎన్నిసార్లు చదివినా తనివి తీరని సంగతులు. అయితే అన్నం పెట్టే ఊరు కూడ మన ఊరే. దాని పూర్వోత్తరాలు మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మన మీద ఉన్నది. అందుచేత ఈ సంవత్సరం భద్రావతిని గూర్చి, ముఖ్యంగా విద్యార్థుల కోసం, నాలుగు మాటలు వ్రాయదలచినాము.

చదువులకు, శిక్షణకు ఈ ప్రాంతం వచ్చే తెలుగు విద్యార్థులు, సెలవులలో మన ఇండ్లకు వచ్చే మేనల్లుళ్లు, మేనకోడళ్లు సాధారణంగా తాడోబా అడవికి పోతారు. పులి కనబడితే సంతోషిస్తారు, కనబడకపోతే నిట్టూరుస్తారు. తిరుగుదారిలో బజారులో ఎక్కడ పడితే అక్కడ దొరికే ప్లాస్టిక్ బొమ్మ ఒకటి కొనుక్కొని రైలెక్కుతారు. భద్రావతి అంటే బొగ్గు గనులు, ఆయుధ కర్మాగారం అనుకొనేవారే ఎక్కువ. ఇందులో వారి దోషం లేదు. చెప్పేవారు లేకపోయినారు, అంతే.

ఊరు, పేరు

చంద్రపురానికి వాయవ్యంగా సుమారు 26 కిలోమీటర్ల దూరంలో, నాగపురం పోయే రాజమార్గం మీద ఉన్నది భద్రావతి. రైల్వే స్టేషను పేరు నేటికీ భాందక్. ఊరికి పాత వాడుక పేరు కూడ అదే. 1929లో ఖాజీపేట, బల్లార్షాల నడుమ ఇనుపదారి పూర్తయి ఢిల్లీ, మద్రాసులు నేరుగా కలిసిన నాటినుండి మన వారి బండ్లు ఎన్నో ఈ స్టేషను మీదుగా సాగిపోయినవి. కిటికీలోనుండి చూచినవారే గాని దిగి చూచినవారు తక్కువ.

తెలుగు నేలతో ఈ జిల్లాకు చుట్టరికం రైలు కంటె పాతది. ఈ ప్రాంతపు వార్ధా నది వైనగంగతో కలిసి ప్రాణహిత అవుతున్నది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తున్నది. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాజ్యంలో ఆదిలాబాదు జిల్లాకు చెందినది; 1959లో చాందా జిల్లాలో చేరినది. దక్షిణాన ఉన్న సిరొంచ నేడు గడ్చిరోలి జిల్లాలోనిది. ఆ జిల్లా 1982లో చంద్రపురం నుండి విడివడినది. సిరొంచలో తెలుగు ఇప్పటికీ ఇంటి భాష.

భద్రావతి అనే పేరు మన సాహిత్యంలో కూడ వినబడుతుంది. ధర్మరాజు అశ్వమేధం తలపెట్టినప్పుడు, యాగాశ్వాన్ని తెచ్చుటకు భీముడు యౌవనాశ్వుడనే రాజు ఏలే భద్రావతికి పోయినాడని జైమిని భారతం చెపుతుంది. 15వ శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు ఆ కథను తెలుగు చేసినాడు. ఆ భద్రావతి ఈ భద్రావతియే అని ఇక్కడివారి నమ్మకం. కర్ణాటకలోని భద్రావతివారు తమదే అంటారు. ఈ తగవు మనం తీర్చలేము. కాని పినవీరభద్రుని కావ్యం పేరు విన్న తెలుగు విద్యార్థి ఈ స్టేషనులో దిగినప్పుడు, పేరైనా చుట్టమువలె పలుకరిస్తుంది.

ఒక విదేశీ విద్యార్థి

7వ శతాబ్దంలో చైనానుండి వచ్చిన హ్యూయన్ త్సాంగ్‌ను మనం యాత్రికుడంటాము. నిజానికి అతడు విద్యార్థి. నలందలో చదివినాడు. కళింగం చూచుకొని కోసల దేశానికి వచ్చి, అక్కడ తర్కశాస్త్రం తెలిసిన ఒక బ్రాహ్మణుని వద్ద నెల మించి పాఠం చెప్పించుకొన్నాడు. తరువాత ఆంధ్రదేశానికి దిగి, ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి, ఇద్దరు భిక్షువుల వద్ద అభిధర్మం చదివినాడు. ఆ కోసల రాజధాని ఈ భాందక్ అయి ఉండునని 19వ శతాబ్దంలో జనరల్ కన్నింగ్‌హామ్ ఊహించినాడు. నేటి చరిత్రకారులలో పలువురు ఛత్తీస్‌గఢ్‌లోని సిర్పూరు వైపు మొగ్గుతున్నారు. రాజధాని ఏదైనా, కోసలనుండి ఆంధ్రానికి అతడు నడచిన దిక్కు మన దిక్కే.

ఈ సందర్భంలో అతని ఇంటిమూట సంగతి చెప్పాలి. 645లో అతడు చైనా రాజధాని చాంగాన్‌కు, అనగా నేటి షియాన్ నగరానికి, తిరిగి చేరినప్పుడు ఇరువది గుర్రాలమీద 657 గ్రంథాలు దిగినవి. వాటితోపాటు బుద్ధ విగ్రహాలు కొన్ని. ఆ విగ్రహాలలో అనేకం భారతదేశంలోని ప్రసిద్ధమైన మూర్తులకు చేయించుకొన్న ప్రతిరూపాలు. అసలు మూర్తులు ఉన్నచోటనే ఉన్నవి. సింధునది దాటేటప్పుడు కొన్ని గ్రంథాలు నీటిపాలు కాగా, ఉద్యాన దేశానికి మనుషులను పంపి మళ్లీ నకళ్లు వ్రాయించి తెప్పించుకొన్నాడు. వాటిని భద్రపరచుటకు 652లో కట్టిన గోపురం షియాన్‌లో నేటికీ నిలిచి ఉన్నది. చదువుకొన్నవాడు పరదేశంనుండి తేవలసిన వస్తువులు ఎటువంటివో మన విద్యార్థులు ఇతనివద్ద నేర్చుకోవచ్చును.

కాలినడకను చూడదగినవి

ఊరికి చేరువలో విజాసన్ కొండ ఉన్నది. కొండను తొలిచి లోపలికి పొడుగైన నడవ చెక్కినారు. దాని చివర గర్భగృహంలో కూర్చున్న బుద్ధుని పెద్ద మూర్తి. ఇరుప్రక్కల మరి రెండు నడవలు, వాటి చివర కూడ బుద్ధ మూర్తులు. అజంతావలె రంగులు లేవు, జనం లేరు. వెలుతురునుండి చీకటిలోకి నాలుగడుగులు వేసి, కన్ను అలవాటు పడేదాక నిలుచుంటే అప్పుడు మూర్తి మెల్లగా కనబడుతుంది. చేతిదీపం వెంట ఉండాలి.

రెండవది డోలారా చెరువు మీది రాతి వంతెన. చెరువు నడుమనున్న దిబ్బకు దారిగా దీనిని కట్టినారు. పొడవు సుమారు 136 అడుగులు, వెడల్పు 7 అడుగులు. కమాను అనేది లేదు. బలమైన స్తంభాలు రెండు వరుసలు నిలిపి, వాటిపై పొడుగాటి రాతి దూలాలు పరచి దారి చేసినారు. ఆలయ మండపం కట్టే పద్ధతినే నీటిమీదికి తెచ్చినారన్నమాట. ఇంజనీరింగు చదివే పిల్లలు ఒక గంటసేపు ఇక్కడ కూర్చొని, ఏ రాయి ఏ బరువు మోస్తున్నదో కాగితంమీద గీసుకొన్నా ఒక పాఠమే.

మూడవది భద్రనాగుని గుడి. ఇక్కడ దేవుడు నాగరూపుడు. శివరాత్రికి జాతర సాగుతుంది. నాగుల చవితికి పుట్టలో పాలుపోసే మన ఆడవారికి ఈ గుడి పరాయిదిగా తోచదు. నాలుగవది గౌరాల గణపతి. ఇక్కడి బండలో తొలిచిన చిన్న గుహలను జనం ‘జోబనాసుని వాడ’ అంటారు. జోబనాసుడు అంటే యౌవనాశ్వుడే. పినవీరభద్రుని పద్యాలలోని రాజు ఇక్కడ పల్లెవారి నోట అరిగి, గుండ్రనై, నిలిచి ఉన్నాడు.

అయిదవది జైనుల స్వప్నదేవ కేసరియా పార్శ్వనాథ తీర్థం. మరుగుపడి ఉన్న మూర్తి ఒక భక్తుని కలలో కనబడగా వెదకి తీసినారని వారి విశ్వాసం. అందుకే స్వప్నదేవుడని పేరు. ఒకే ఊరిలో బౌద్ధ గుహ, జైన తీర్థం, నాగదేవుడు, గణపతి: మతచరిత్ర చదివే విద్యార్థికి ఒక రోజులో ఇంతకంటె ఏమి కావాలి?

ఎండలు ముదిరితే చంద్రపురం జిల్లా నిప్పుల కొలిమి. చలికాలంలో రావడం మేలు. వేసవిలో వస్తే తెల్లవారుజామున బయలుదేరి పది గంటలకు ఇల్లు చేరుకోవాలి.

తీసుకొని పోరానివి

భద్రావతిలో పాత రాళ్లకు కొదువ లేదు. చెట్ల క్రింద, గుళ్ల ప్రక్కన, విరిగిన శిల్పాలు, స్తంభపు ముక్కలు కనబడుతూనే ఉంటవి. ‘అరచేయంత ముక్క, ఎవరికి పనికి వస్తుంది, గుర్తుగా ఉంటుంది’ అని సంచిలో వేసుకొనే బుద్ధి యువకులకు పుట్టవచ్చును. ఆ బుద్ధి కలిగేవారికోసమే ముఖ్యంగా ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

రెండు శాసనాల కథ వినండి. రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడు శక సంవత్సరం 694లో, అనగా క్రీ.శ. 772లో, వేయించిన తామ్రశాసనం ఈ ఊరిలో దొరికినది. ఎల్లోరా కైలాసాలయ నిర్మాణానికి పేరుగన్న రాజు అతడే. 770లో అతని కుమారుడు యువరాజు గోవిందుడు మన వేంగి మీదికి దండెత్తి కృష్ణా, మూసీ సంగమం దగ్గర విడిది చేసినట్లు అలాస్ శాసనం చెపుతున్నది. వేంగిని లొంగదీసిన ఆ రాజు అధికారం రెండేండ్ల తరువాత ఈ వార్ధా లోయలో కూడ సాగుతుండెనని మనకు తెలియుటకు ఆధారం భాందక్ రేకులే. అవి ఎక్కడ దొరికినవో తెలుసు గనుకనే ఆ సాక్ష్యానికి విలువ.

రెండవది నాగపురం మ్యూజియంలోని భవదేవ రణకేసరి శిలాశాసనం. చాలకాలం దానిని భాందక్‌దని చెప్పుకొన్నారు. దానినిబట్టి పాండువంశపు రాజుల ఏలుబడి ఇంతదూరం వ్యాపించెనని కూడ వ్రాసినారు. తరువాత మహామహోపాధ్యాయ మీరాశీగారు అది ఛత్తీస్‌గఢ్‌లోని ఆరంగ్‌నుండి వచ్చినదని వాదించినారు. రాయి అదే, అక్షరాలు అవే. పుట్టినచోటు స్పష్టంగా వ్రాసిపెట్టేవారు లేనందున ఒక రాజ్యపు హద్దులే చెదరిపోయినవి. రాజముద్ర ఉన్న శాసనానికే ఇంత గతి పట్టితే, పేరులేని శిల్పపు ముక్క సంచిలో ఆరు వందల కిలోమీటర్లు పోయి బీరువాలో కూర్చొన్న తరువాత ఏమి చెప్పగలదు? అది మూగది అవుతుంది. దానితో ఇక్కడి గోడలో ఒక మాట కూడ పోతుంది.

చట్టం సంగతి కూడ తెలియాలి. రక్షిత కట్టడాలకు హాని చేయడం 1958నాటి చట్టం ప్రకారం నేరం. నేలలో దొరికిన నిధినిక్షేపాల సమాచారం కలెక్టరుకు ఇవ్వాలని 1878నుండి శాసనం ఉన్నది. పురావస్తువుల వ్యాపారానికి, విదేశ రవాణాకు 1972నాటి చట్టం కట్టుబాట్లు పెట్టినది. మనం ఈ నేలకు వచ్చి బ్రతికినవారము. అతిథి ఇంటివారి పాత్ర ఎత్తుకొనిపోతే వచ్చే అపకీర్తి ఒక్కనితో ఆగదు.

తీసుకొని పోదగినవి

అట్లని వట్టి చేతులతో పొమ్మనము. భద్రావతి కుమ్మరిపనికి పేరుపడ్డ ఊరు. 1950లలో కృష్ణమూర్తి మిర్‌మిరాగారు ఇక్కడ గ్రామోదయ సంఘం నెలకొల్పి, కుమ్మరులకు మెరుగైన సారె, మెరుగైన ఆవం, మట్టి కలిపే శాస్త్రీయ పద్ధతులు నేర్పినారు. గాంధీగారి గ్రామ పరిశ్రమల బాటలో నడచిన పని అది. బొమ్మలు, కూజాలు, ప్రమిదలు, పూలకుండీలు, ఏది కొన్నా అది భద్రావతి మట్టిపనికి గుర్తు. కొనేటప్పుడు చేసినవారి పేరు అడిగి, అడుగున పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాసుకోండి. పైన చెప్పిన శాసనపు రాయికి జరిగిన అన్యాయం మీ కూజాకు జరగదు. రైలులో పగులుతుందనే భయం ఉంటే చిన్న వస్తువు కొని, లోపల కాగితాలు కుక్కి, బట్టల నడుమ పెట్టుకోవాలి.

సమీపంలోని వరోరా దగ్గర బాబా ఆమ్టేగారు 1951లో ప్రారంభించిన ఆనందవనం ఉన్నది. కుష్ఠు నయమైనవారు, అంగవైకల్యం కలవారు అక్కడ నేసిన గుడ్డలు, చేసిన చేతిపని వస్తువులు కొనవచ్చును. ఇల్లు చేరాక ఆ తువ్వాలు చూపినప్పుడు చెప్పుటకు ఒక మంచి కథ ఉంటుంది. చంద్రపురం దగ్గరి చిచ్‌పల్లిలో వెదురుపనికి శిక్షణ కేంద్రం ఉన్నది. వెదురు బుట్టలు, కలందానులు తేలిక, పగలవు, విద్యార్థి జేబుకు అందుతవి.

ఖర్చులేని జ్ఞాపకచిహ్నాలు కూడ ఉన్నవి. వంతెన స్తంభాలు లెక్కపెట్టి గీసిన పటం. గౌరాలలో ముసలివారు చెప్పే జోబనాసుని కథ వారి మరాఠీ మాటలలోనే వ్రాసుకొన్న కాగితం. బుద్ధుని మూర్తి ఛాయాచిత్రం, వెనుక తేదీ. హ్యూయన్ త్సాంగ్ మోసుకొని పోయినవి ఇటువంటివే. వెయ్యిన్ని మూడు వందల డెబ్బదియేండ్లు దాటినా అతని దేశం వాటిని పారవేయలేదు.

మనకు ఉగాది అయిన నాడే ఇక్కడివారికి గుడి పాడ్వా. అదే చైత్రంలో చంద్రపురం మహాకాళి జాతరకు తెలంగాణనుండి కూడ భక్తులు వస్తారు. ఆ రోజులలో మన ఇండ్లకు వచ్చే పిల్లలను ఒక పూట భద్రావతికి తీసుకొని పోవలసినదిగా పెద్దలను కోరుతున్నాము. ఉగాది పచ్చడి కొత్త కుండలో కలపడం మన ఆచారం. వచ్చే ఏడు ఆ కుండ భద్రావతి కుమ్మరి చేతిది కావాలని, ఈ నేలమీది రాళ్లన్నీ ఉన్నచోటనే చల్లగా ఉండాలని మా ఆకాంక్ష. చదువరులందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.