పంది జబ్బును ముందే పట్టించే రక్తం
వాపు మొదలైన గంటల్లోనే మాంసకృత్తుల్లో మార్పులు

హాలహర్వి: పంది మేత మానేసి మూలన పడుకున్న తర్వాతే జబ్బు చేసిందని పెంపకందారులు గుర్తిస్తుంటారు. అప్పటికే దాని రక్తంలో మార్పులు మొదలై ఉంటాయి. రాయలసీమలో పలు ఎరుకల కుటుంబాలకు పందుల పెంపకమే జీవనాధారం. ఒక పందికి సోకిన అంటువ్యాధి మందంతటికీ పాకితే ఆ కుటుంబం వీధిన పడుతుంది. అందుకే ఈ మార్పులపై అవగాహన అవసరం.

కాలేయమే కీలకం
గాయమైనా, సూక్ష్మజీవులు ప్రవేశించినా శరీరంలో వాపు ప్రక్రియ ఆరంభమవుతుంది. రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేత పదార్థాలను విడుదల చేస్తాయి. అవి చేరగానే కాలేయం కొన్ని మాంసకృత్తులను ఎక్కువగా, మరికొన్నింటిని తక్కువగా తయారు చేస్తుంది.

పెరిగేవి.. తగ్గేవి
* సి-రియాక్టివ్ ప్రొటీన్, సీరం అమైలాయిడ్-ఎ: గంటల వ్యవధిలో పెరగడం మొదలై ఒకటి, రెండు రోజుల్లో గరిష్ఠ స్థాయికి చేరతాయి. కారణం తొలగితే త్వరగా తగ్గుతాయి. వీటిలో మొదటిదాన్ని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు.
* హాప్టోగ్లోబిన్: నెమ్మదిగా పెరిగి ఎక్కువ రోజులు నిలుస్తుంది. చిట్లిన ఎర్రరక్తకణాల నుంచి వెలువడే హిమోగ్లోబిన్‌ను బంధించి, అందులోని ఇనుము బ్యాక్టీరియాకు దక్కకుండా చేస్తుంది.
* అల్బుమిన్: దీని స్థాయి తగ్గుతుంది.

ఏ జబ్బో చెప్పవు
ఈ మాంసకృత్తులు జబ్బు ఉనికిని, తీవ్రతను సూచిస్తాయే తప్ప దాని పేరు చెప్పవు. పందులు కరచుకుని గాయపడినా, విత్తులు కొట్టించినా ఇవి పెరుగుతాయి. వ్యాధి నిర్ధారణకు సూక్ష్మజీవి పరీక్ష తప్పనిసరి. స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది. 2020లో అసోం, అరుణాచల్‌ప్రదేశ్‌లలో దేశంలోనే తొలిసారి బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు చికిత్స లేదు. ఇది మనుషులకు సోకదు. పైకి రెండింటి లక్షణాలూ ఒకేలా కనిపిస్తాయి.

పెంపకందారులు ఏం చేయాలి?
రక్త పరీక్షకు ప్రయోగశాల కావాలి. పాకలో ఉపయోగపడేది థర్మామీటరే. ఆరోగ్యంగా ఉన్న పంది శరీర ఉష్ణోగ్రత 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపుల్లో ఉంటుంది. 104 దాటితే ఆ పందిని వెంటనే వేరు చేయాలి. సంతకు తోలకూడదు, కోసి అమ్మకూడదు. హోటళ్ల వ్యర్థాలను బాగా మరిగించకుండా మేపరాదు. పశువైద్యాధికారికి గానీ, సంచార పశువైద్య సేవల నంబరు 1962కు గానీ సమాచారమివ్వాలి. ఒక పందిని సకాలంలో వేరు చేస్తే మంద దక్కుతుంది.