పాత కారులో స్టీరింగ్, సస్పెన్షన్ భాగాల మార్పిడి: అరుగుదల గుర్తింపు, పాటించవలసిన క్రమం

ఇంజిన్ మొరాయిస్తే కారు ఆగిపోతుంది. బాల్ జాయింట్ ఊడిపోతే, పరుగులో ఉన్న కారు ముందు చక్రం అదుపు తప్పుతుంది. సస్పెన్షన్, స్టీరింగ్ భాగాలు కొద్దికొద్దిగా అరుగుతాయి కనుక రోజూ అదే కారు నడిపేవారికి ఆ మార్పు తెలియకపోవచ్చు. పాత కార్లలో వీటిని క్రమం తప్పక పరీక్షించవలసిన అవసరం ఇందుకే ఏర్పడుతుంది.

ఇందుకు మారుతి 800 చక్కని ఉదాహరణ. 1983 డిసెంబరులో విపణిలోకి వచ్చిన ఈ కారు ఉత్పత్తి 2014 జనవరిలో ముగిసింది. బీఎస్-4 ప్రమాణాల అమలుతో హైదరాబాద్ సహా 13 నగరాల్లో 2010లోనే అమ్మకాలు నిలిచాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే ఐదేళ్లకు పునరుద్ధరిస్తారు. ఆ పరీక్షలో స్టీరింగ్, సస్పెన్షన్ల స్థితిని కూడా చూస్తారు.

ఏ భాగం ఏం చేస్తుంది?

ఈ కారు ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటాయి. స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ కలిసినదే స్ట్రట్. చక్రం అడుగుభాగాన్ని లోయర్ ఆర్మ్ పట్టి ఉంచుతుంది. దాని ఒక చివర బాల్ జాయింట్, మరో చివర రబ్బరు బుష్ ఉంటాయి. స్టీరింగ్ కదలికను టై రాడ్ ఎండ్ చక్రానికి చేరవేస్తుంది.

అరుగుదలను గుర్తించడం ఎలా?

గుంతల్లో టకటకమనే శబ్దం, కారు ఒక పక్కకు లాగడం, టైరు ఒక అంచునే అరగడం, స్ట్రట్‌పై నూనె చెమ్మ ప్రధాన సూచనలు. చక్రాన్ని పైకి లేపి, పైనా కిందా పట్టుకొని కదిపినప్పుడు వదులుగా ఉంటే బాల్ జాయింటునో, వీల్ బేరింగునో అనుమానించాలి. మరొకరు బ్రేకు నొక్కి ఉంచగా ఆ వదులు మాయమైతే లోపం బేరింగుదే. కుడి ఎడమలు పట్టుకొని కదిపితే వదులు కనిపించినప్పుడు టై రాడ్ ఎండ్‌ను చూడాలి. రబ్బరు తొడుగు చిరిగితే దుమ్ము, నీరు చేరి జాయింటు త్వరగా పాడవుతుంది.

మార్పిడిలో జాగ్రత్తలు

జాక్ ఒక్కదానిపై నిలిపిన కారు కిందికి వెళ్లరాదు. గట్టి నేలపై స్టాండ్లు తప్పనిసరి. పాత టై రాడ్ ఎండ్‌ను విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించి, కొత్తదాన్ని అన్నే చుట్లు బిగిస్తే అమరిక దాదాపు మునుపటి స్థితికి వస్తుంది. కాటర్ పిన్ కొత్తదే వాడాలి. పిన్ రంధ్రం కలవకపోతే నట్టును వదులు చేయక, మరికాస్త బిగించి కలపాలి.

స్ట్రట్‌లోని స్ప్రింగు తీవ్రమైన ఒత్తిడిలో ఉంటుంది. స్ప్రింగ్ కంప్రెసర్‌తో అదిమి పట్టకుండా పైనున్న మధ్య నట్టు విప్పితే అది ప్రాణాంతకంగా ఎగిరిపడవచ్చు. ఈ పనిని అనుభవమున్న మెకానిక్‌కే అప్పగించడం ఉత్తమం. రెండు పక్కలా పనితీరు సమానంగా ఉండేందుకు స్ట్రట్‌లను జంటగా మార్చాలి.

లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను చక్రం గాలిలో ఉండగా పూర్తిగా బిగించరాదు. అలా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలితిరిగి కొద్దికాలానికే చిరుగుతుంది. కారు బరువు చక్రాలపై పడిన తర్వాతే తుది బిగింపు చేయాలి.

వీల్ అలైన్‌మెంట్ చివరి దశ. అరిగిన భాగాలను అలాగే ఉంచి ముందుగా అలైన్‌మెంట్ చేయిస్తే ఆ ఖర్చు వృథా అవుతుంది. అన్ని మార్పులూ ఒకేసారి సాధ్యం కాకపోతే బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లకు తొలి ప్రాధాన్యం ఇచ్చి, బుష్‌లు, స్ట్రట్‌లను తర్వాత చేపట్టవచ్చు. బాల్ జాయింటులో వదులు స్పష్టంగా కనిపించిన కారును మాత్రం మరమ్మతు పూర్తయ్యే వరకు రోడ్డుపైకి తీసుకురాకూడదు.