అమెరికా స్కూల్ ఫారంలో ‘మిలిటరీ’ ప్రశ్న.. ఎవరు ‘అవును’ అనాలి? ఎందుకు?

అమెరికాలో పిల్లల్ని ప్రభుత్వ స్కూల్లో చేర్పించేటప్పుడు ఫోన్‌లోనే రిజిస్ట్రేషన్ ఫారం తెరుస్తారు. పేరు, పుట్టిన తేదీ, అడ్రస్, టీకాలు.. అన్నీ నింపుతూ వస్తుంటే మధ్యలో ఓ ప్రశ్న ఎదురవుతుంది. ‘విద్యార్థి తల్లి లేదా తండ్రి సైన్యంలో యాక్టివ్ డ్యూటీలో ఉన్నారా?’ అని. మీది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైతే ‘లేదు’ అని నొక్కి ముందుకు వెళ్లిపోతారు. కానీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లూ అమెరికా సైన్యంలో చేరవచ్చు. మీ ఇంట్లోనో, మీ చెల్లెలింట్లోనో అలాంటివారు ఉంటే ఈ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగాల్సిందే.

ఎందుకు అడుగుతున్నారు?

సైనికుల పిల్లల్లో ఎక్కువమంది చదివేది కంటోన్మెంట్ స్కూళ్లలో కాదు, ఊళ్లోని మామూలు ప్రభుత్వ స్కూళ్లలోనే. రక్షణ శాఖ సొంతంగా నడిపే స్కూళ్లు ఉన్నా వాటిలో చదివేవాళ్లు తక్కువ. పన్నెండో తరగతి దాటేలోపు ఈ పిల్లలు సగటున ఆరు నుంచి తొమ్మిది సార్లు ఊరు మారతారని చాలాకాలంగా చెప్పే లెక్క. అంటే ఇంచుమించు రెండేళ్లకో కొత్త స్కూల్.

మరి వీళ్లు ఎలా చదువుతున్నారు? 2011 వరకు ఈ ప్రశ్నకు దేశం మొత్తానికి సరిపడే జవాబే లేదు. ఆ ఏడాది మార్చిలో గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ (మన కాగ్ లాంటిది) ఇదే విషయాన్ని నివేదికలో ఎత్తిచూపింది. వీళ్ల చదువుకు సంబంధించిన జాతీయ స్థాయి సమాచారం లేదని తేల్చింది. స్కూల్ రికార్డుల్లో వీళ్లను విడిగా గుర్తించే ఏర్పాటే లేనప్పుడు లెక్క ఎక్కడి నుంచి వస్తుంది?

2015 డిసెంబర్ 10న ఒబామా సంతకం చేసిన ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్’ ఈ లోటు పూడ్చింది. అనాథ సంరక్షణలో ఉన్నవాళ్లు, ఇల్లు లేనివాళ్లతో పాటు సైనిక కుటుంబాల పిల్లల ఫలితాలను కూడా ప్రతి రాష్ట్రం విడిగా ప్రకటించాలని చెప్పింది. మీరు ఫారంలో చూసే ప్రశ్న అక్కడి నుంచి వచ్చిందే. దీన్ని ‘మిలిటరీ స్టూడెంట్ ఐడెంటిఫయర్’ అంటారు. పేరు పెద్దదే గానీ ఇది విడిగా ఇచ్చే నంబరేమీ కాదు, రికార్డులో ఒక గుర్తు మాత్రమే.

ఎవరు ‘అవును’ అనాలి?

ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, మెరైన్ కోర్, కోస్ట్‌గార్డ్, స్పేస్‌ఫోర్స్.. వీటిలో యాక్టివ్ డ్యూటీలో ఉన్నవారి పిల్లలు ఈ లెక్కలోకి వస్తారు. ‘తల్లిదండ్రులు’ అంటే కన్నవాళ్లే కానక్కర్లేదు. పిల్లవాడు సవతి తండ్రి దగ్గరో, తాతయ్య దగ్గరో పెరుగుతూ ఆయన సర్వీసులో ఉన్నా వర్తిస్తుంది. నేషనల్ గార్డ్, రిజర్వ్ విషయంలో తేడాలున్నాయి. టెక్సస్ లాంటి రాష్ట్రాలు వాళ్ల వివరాలనూ విడి కోడ్‌లతో తీసుకుంటాయి. కాబట్టి మీ ఫారంలో ఏయే ఆప్షన్లు ఇచ్చారో చదివి నింపండి. తాతగారు ఇండియన్ ఆర్మీలో చేశారని గర్వంగా టిక్ పెట్టేస్తే మాత్రం తప్పే. అడుగుతున్నది అమెరికా సైన్యం గురించి.

రాష్ట్రం మారితే ఈ గుర్తు వెంట వస్తుందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. రాదు. ఎవరి రాష్ట్రానికి వారి డేటా సిస్టమ్ ఉంటుంది. విద్యార్థుల పేర్లతో దేశవ్యాప్త డేటాబేస్ తయారుచేయకూడదని అదే చట్టం ఫెడరల్ ప్రభుత్వాన్ని నిషేధించింది. పిల్లల ప్రైవసీ కోణంలో అది మంచిదే. కానీ ఊళ్లు మారే పిల్లల కోసమే పెట్టిన గుర్తు రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోవడం విచిత్రం. వర్జీనియాలోని నార్ఫోక్ నేవీ బేస్ నుంచి కాలిఫోర్నియాలోని శాన్ డియాగోకు బదిలీ అయితే అక్కడ మళ్లీ మీరే చెప్పుకోవాలి.

మన దగ్గర ఈ చిక్కు కొంత వేరేలా తీరింది. సికింద్రాబాద్ నుంచి విశాఖకో, విశాఖ నుంచి కొచ్చికో బదిలీ అయిన ఉద్యోగి కేంద్రీయ విద్యాలయం వైపు చూస్తారు. అడ్మిషన్లలో గత ఏడేళ్లలో ఎన్నిసార్లు బదిలీ అయ్యారన్నది లెక్కలోకి తీసుకుంటారు. ఎక్కడికెళ్లినా అదే సీబీఎస్ఈ సిలబస్. అమెరికాలో సిలబస్, పాస్ నిబంధనలు, కిండర్‌గార్టెన్‌కు వయసు.. అన్నీ రాష్ట్రానికో తీరు. ఒక రాష్ట్రంలో కిండర్‌గార్టెన్‌లో కూర్చున్న పిల్లను ఇంకో రాష్ట్రం ‘ఇంకా వయసు రాలేదు’ అని వెనక్కి పంపే ప్రమాదం నిజంగానే ఉండేది.

ఆ ఇబ్బందిని తీర్చేది ఈ గుర్తు కాదు, రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందం. దాన్ని సైనిక పిల్లల విద్యావకాశాల అంతర్రాష్ట్ర ఒప్పందం అంటారు. 2014 నాటికి 50 రాష్ట్రాలూ, వాషింగ్టన్ డీసీ ఇందులో చేరాయి. దీని ప్రకారం మీరు చేత్తో తీసుకెళ్లిన అనధికారిక రికార్డులు చూసి కూడా కొత్త స్కూల్ పిల్లల్ని చేర్చుకోవాలి. పాత స్కూల్ పది రోజుల్లో అసలు రికార్డులు పంపాలి. తక్కువైన టీకాలకు 30 రోజుల గడువు ఉంటుంది. కిండర్‌గార్టెన్‌లో ఉన్న పిల్ల, కొత్తచోట వయసు నిబంధన ఏదైనా, అదే తరగతిలో కొనసాగుతుంది. పన్నెండో తరగతిలో బదిలీ అయి కొత్త రాష్ట్రం షరతులు పూర్తికాకపోతే పాత స్కూల్ నుంచే డిప్లొమా తెప్పించుకునే దారీ ఉంది. సర్వీసులో మరణించినవారి పిల్లలకు, గాయాల వల్ల లేదా రిటైరై బయటికొచ్చినవారి పిల్లలకు ఏడాది పాటు ఇవి వర్తిస్తాయి.

అందుకే ఫారంలో టిక్ పెట్టి ఊరుకోవద్దు. మార్కుల జాబితా, స్పెషల్ ఎడ్యుకేషన్ ప్లాన్ ఉంటే దాని కాపీ, టీకాల కార్డు, బదిలీ ఆర్డర్.. వీటిని ఫోన్‌లో ఫొటోలుగానే కాకుండా కాగితాలుగానూ దగ్గర పెట్టుకోండి. ప్యాకర్స్ వాళ్ల పెట్టెల్లో మాత్రం పెట్టకండి.

టిక్ పెడితే వచ్చేదేంటి?

నేరుగా డబ్బు రాదు, సీటు రాదు. స్కూల్‌కు మాత్రం మీ పిల్లల పరిస్థితి తెలుస్తుంది. నాన్న ఆర్నెల్లకు విదేశాలకు వెళ్లిన వారంలో ఆరో తరగతి పిల్లవాడు హోంవర్క్ మానేస్తే, దాన్ని టీచర్ బద్ధకం అనుకోకుండా ఆగి ఆలోచించే వీలుంటుంది. ఇలాంటి పిల్లలున్న స్కూళ్లలో ప్రత్యేకంగా ఒక సిబ్బందిని కేటాయించే ‘పర్పుల్ స్టార్’ గుర్తింపు కూడా ఉంది. అది 2017లో ఒహాయోలో మొదలై ఇతర రాష్ట్రాలకు పాకింది.

ప్రైవసీ భయం సహజమే. రాష్ట్రం ప్రకటించేది గ్రూప్ మొత్తం ఫలితాలే. గ్రూప్‌లో పిల్లలు మరీ కొద్దిమందే ఉంటే ఎవరో తెలిసిపోకుండా ఆ అంకెల్ని దాచేస్తారు. విద్యార్థి రికార్డులకు 1974 నాటి ఫెర్పా చట్టం రక్షణ ఉంది. ఇక ‘టిక్ పెడితే మా అబ్బాయిని ఆర్మీ వాళ్లు పిలుస్తారేమో’ అనుకునేవాళ్లకు.. రిక్రూటర్లకు హైస్కూల్ విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇచ్చే నిబంధన వేరు. అది సైన్యంతో సంబంధం లేని మీ పిల్లలకూ వర్తిస్తుంది. వద్దనుకుంటే స్కూల్‌కు రాసిచ్చి ఆపించుకోవచ్చు.

ఇంకో ఫారంతోనూ దీన్ని కలిపేసుకోవద్దు. సైనిక స్థావరాల భూమికి స్థానిక ఆస్తి పన్ను ఉండదు. అమెరికా స్కూళ్లు చాలావరకు ఆ పన్ను మీదే నడుస్తాయి కాబట్టి ఆ నష్టానికి 1950 నుంచి ‘ఇంపాక్ట్ ఎయిడ్’ పేరుతో ఫెడరల్ ప్రభుత్వం డబ్బిస్తోంది. దానికోసం ఏటా తల్లిదండ్రులకు ఓ సర్వే కాగితం వస్తుంది. మీరు యూనిఫాం లేకుండా బేస్‌లో పనిచేసే సివిలియన్ ఇంజనీర్ అయితే మిలిటరీ ప్రశ్నకు జవాబు ‘లేదు’. ఈ సర్వే కాగితం మాత్రం నింపి, సంతకం పెట్టి పంపండి.