నెలసరి ఆగాక మన గుండె: డాక్టర్లు తెలుసుకోడానికి పట్టిన కాలం

గుండెపోటు మగవాళ్ల జబ్బు అని మన ఊళ్లల్లోనే కాదు, పెద్ద పెద్ద డాక్టర్లు కూడా చాలా కాలం అనుకున్నారు. ఆ మాట ఎట్లా మారిందో మన సభ్యులందరికీ తెలియాలని ఈ సంవత్సరం నివేదికలో రాస్తున్నాం.

1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే పట్నంలో 5,209 మందిని ఎంచుకుని, రెండేళ్లకోసారి బీపీ, రక్తం చూసి రాసిపెట్టడం మొదలుపెట్టారు. మన పొదుపు పుస్తకం లాగానే అనుకోండి, ఏళ్ల తరబడి వదలకుండా రాశారు. అందులో ఆడవాళ్లు 2,873 మంది, అంటే సగం కంటే ఎక్కువే. వాళ్ల లెక్కలు 1976లో అచ్చయ్యాయి. నెలసరి ఇంకా వస్తున్నవాళ్లలో ఒక్కరికీ గుండెపోటు రాలేదు. అదే వయసులో ఉండి నెలసరి ఆగిపోయినవాళ్లలో మాత్రం గుండె జబ్బు ఎక్కువగా కనిపించింది.

కారణం ఇది. మన అండాశయాల్లో ఈస్ట్రోజెన్ తయారవుతుంది. అది ఉన్నంతకాలం రక్తనాళాలు మెత్తగా ఉంటాయి, చెడు కొలెస్ట్రాల్ కొంత అదుపులో ఉంటుంది. నెలసరి ఆగాక అది తగ్గిపోతుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది, నాళాలు గట్టిపడతాయి, బీపీ కూడా పెరుగుతుంది. వయసు ఎటూ తోడవుతుంది. 2004లో మన దేశంతో సహా 52 దేశాల్లో చూస్తే, మొదటి గుండెపోటు ఆడవాళ్లకి మగవాళ్ల కంటే సుమారు 9 ఏళ్లు ఆలస్యంగా వస్తోందని తేలింది. రాకపోవడం కాదు, ఆలస్యంగా రావడం!

మనం గట్టిగా పట్టించుకోవాల్సింది 1987 నాటి సంగతి. లక్షా ఇరవై వేల మందికి పైగా అమెరికా నర్సుల్ని గమనించిన ఒక పరిశోధనలో, రెండు అండాశయాలూ తీసేసి, హార్మోన్ మందులు వాడనివాళ్లకి గుండె జబ్బు ప్రమాదం సుమారు రెట్టింపు కనిపించింది. ఇప్పుడు మన సంగతి చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్టకీ, నడుం నొప్పికీ కూడా ముప్పై, ముప్పై అయిదేళ్లకే తీయించుకున్న అక్కచెల్లెళ్లు మన సంఘాల్లో ఉన్నారు. అందుకే ఈ ఆపరేషన్‌కి అప్పు అడిగినవాళ్లకి మేము ఒక మాట చెప్తున్నాం: ఇది లేకుండా మందులతో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, రెండూ డాక్టర్ని అడిగి రండి. అప్పు ఎక్కడికీ పోదు.

పోయిన ఈస్ట్రోజెన్‌ని మాత్రల్లో ఇస్తే సరిపోతుంది కదా అని డాక్టర్లూ అనుకున్నారు. లక్షలమంది మింగారు. 2002లో అమెరికాలో 16,608 మందితో చేస్తున్న పరీక్షని మధ్యలోనే ఆపేయాల్సొచ్చింది. మాత్రలు వేసుకున్నవాళ్లలో గుండెపోటు తగ్గకపోగా కొంచెం పెరిగింది, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ కూడా పెరిగాయి. ఒంట్లో ఆవిర్లు భరించలేనప్పుడు డాక్టర్ చూసి ఇస్తే వాడొచ్చు గానీ, గుండె కోసమని ఎవరూ కొనుక్కోవద్దు.

ఇంకొక అన్యాయం ఉంది. ఆస్పిరిన్ గుండెపోటుని తగ్గిస్తుందని 1989లో తేల్చిన పెద్ద పరీక్షలో 22,071 మంది డాక్టర్లు, అందరూ మగవాళ్లే. 2005లో ఆడవాళ్ల మీద విడిగా చూస్తే పక్షవాతం తగ్గింది గానీ మొత్తం మీద గుండెపోటు తగ్గలేదు. మగవాళ్ల లెక్క మనకి అట్లాగే సరిపోదని అప్పటికి గానీ తెలియలేదు.

లక్షణాల్లోనూ తేడా ఉంది. ఛాతీ నొప్పి ఇద్దరికీ వస్తుంది. ఆడవాళ్లకి దాంతోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, దవడ నొప్పి, వీపు నొప్పి, వాంతి, ఎన్నడూ లేని నీరసం వస్తాయి. ఇంట్లో "గ్యాస్ అయ్యుంటుందిలే" అని సోడా తాగించి పడుకోబెడతారు. సోడా పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయమని అడగండి. ముప్పై దాటినవాళ్లకి సబ్‌సెంటర్‌లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. నెలసరి ఆగినవాళ్లు, గర్భసంచి తీయించుకున్నవాళ్లు ముందు వెళ్లండి.