షరతులు అడిగినవారు: హైదరాబాదు రాజ్యంలో రైలు, గనుల ఒప్పందాలు - ప్రజాభిప్రాయం (1883-1888)

ప్రవేశిక

1883 మే నెలలో హైదరాబాదు కళాశాల ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చట్టోపాధ్యాయను నిజాం ప్రభుత్వం ఉద్యోగం నుండి నిలిపివేసి, రాజ్యం విడిచి వెళ్ళవలసిందిగా ఆజ్ఞాపించింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొందిన ఈ వంగదేశీయుడు సరోజినీ నాయుడు తండ్రిగానే నేడు ఎక్కువమందికి తెలుసు. ఆయన ఆయుధం పట్టలేదు, రాజును ధిక్కరించలేదు. ప్రభుత్వం లండన్ పెట్టుబడిదారులతో కుదుర్చుకోబోతున్న రైలు ఒప్పందంలోని షరతులు ఏమిటో బయటపెట్టమని కొందరు నగరవాసులతో కలిసి అడిగాడు. ప్రభుత్వానికి అదే నేరంగా కనిపించింది.

అయిదేళ్ళ తరువాత, 1888లో, అదే రాజ్యానికి చెందిన మరో ఒప్పందంపై బ్రిటిషు పార్లమెంటు దిగువసభ విచారణ సంఘాన్ని వేసింది. ఈసారి విషయం రైలు కాదు, గనులు. అయితే రెండింటిలోనూ రాజ్యం పక్షాన లండన్‌లో బేరం నడిపిన అధికారి ఒక్కడే. చరిత్ర రచనలో మొదటి ఘటన ‘రాజకీయ చైతన్యానికి తొలి అడుగు’ అనే అధ్యాయంలోనూ, రెండవది దర్బారు కుట్రల అధ్యాయంలోనూ చేరుతూ వచ్చాయి. ఈ విభజన సౌకర్యంగా ఉన్నా సరైనది కాదు. 1883లో అడిగిన ప్రశ్నకు జవాబు దొరికి ఉంటే 1888 వ్యవహారం అంత సులభంగా సాగేది కాదన్న అంశాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ ప్రశ్న ఎవరు అడిగితే జవాబు వచ్చింది, ఎవరు అడిగితే శిక్ష వచ్చింది అన్నది ఇందులో కీలకం.

గుత్త: ఒక మాట, ఒక పద్ధతి

ప్రభుత్వ ఆదాయాన్నిగాని, ప్రభుత్వం చేయవలసిన పనినిగాని ఒక మొత్తానికి ఒక వ్యక్తికి అప్పగించడాన్ని తెలుగువారు ‘గుత్త’ అన్నారు. దక్కను పాలనా పరిభాషలో ఇదే ‘ఇజారా’. గంపగుత్త, గుత్తదారు, గుత్తాధిపత్యం వంటి మాటలన్నీ ఈ కుదురులోనివే. లెక్క అడగకుండా మొత్తంగా అప్పగించడం అనే అర్థచ్ఛాయ ‘గంపగుత్త’లో ఇప్పటికీ నిలిచి ఉంది. సాలార్‌జంగు సంస్కరణలకు ముందు హైదరాబాదు రాజ్యంలో భూమిశిస్తు వసూలు ఎక్కువ భాగం ఈ పద్ధతిలోనే సాగింది. తాలూకాను గుత్తకు తీసుకున్నవాడు ఖజానాకు ముందుగా సొమ్ము కట్టి, ఆపై రైతు నుండి రాబట్టుకునేవాడు. ఎంత రాబట్టాడన్నది ఖజానాకు అనవసరం. దివాను చందూలాల్ కాలంలో ఈ రాజ్యం గుండా కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య ఇక్కడి పాలనలోని అవ్యవస్థను తన యాత్రాచరిత్రలో నమోదు చేశాడు.

గుత్త పద్ధతి దేశీయ వ్యాపారులకే పరిమితం కాలేదు. విలియం పామర్ కంపెనీ హైదరాబాదు రెసిడెన్సీ నీడలో పెరిగిన వాణిజ్య సంస్థ. నిజాం సైన్యానికి జీతాలు చెల్లించే బాధ్యత తీసుకుని, అందుకు బదులుగా శిస్తు రాబడిని తన పేర రాయించుకుంది. ఐరోపా జాతీయులు దేశీయ ప్రభువులకు అప్పులివ్వడాన్ని అడ్డుకునే పార్లమెంటు చట్టం అప్పటికే ఉన్నా, 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఈ సంస్థకు మినహాయింపు ఇచ్చాడు. ఆయన పెంచిన యువతిని వివాహమాడిన విలియం రంబోల్డ్ అందులో భాగస్వామి. 1820లో అరవై లక్షల రూపాయల కొత్త అప్పు మంజూరైంది. ఆ సంవత్సరమే రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ లెక్కలు తవ్వడం మొదలుపెట్టాడు. గవర్నర్ జనరల్ ఆగ్రహానికి గురైనా వెనక్కి తగ్గలేదు.

ఈ అప్పు తీర్చిన విధానం తెలుగు ప్రాంత చరిత్రకు సంబంధించినది కాబట్టి కొంత వివరించవలసి ఉంది. ఉత్తర సర్కారులను అనుభవిస్తున్నందుకు ఈస్టిండియా కంపెనీ నిజాముకు ఏటా ఏడు లక్షల రూపాయలు పేష్కష్‌గా చెల్లించేది. 1823లో 1,16,66,666 రూపాయలు ఒకేసారి చెల్లించి కంపెనీ ఆ బాధ్యతను శాశ్వతంగా వదిలించుకుంది. ఆ సొమ్ము పామర్ సంస్థ బాకీ తీర్చడానికి పోయింది. లెక్క చూస్తే ఇది ఆరు శాతం వడ్డీకి ఏటా ఏడు లక్షలు తెచ్చే మొత్తం. అంటే శ్రీకాకుళం నుండి గుంటూరు దాకా ఉన్న జిల్లాలపై నిజాముకు మిగిలి ఉన్న ఆఖరి ఆర్థిక హక్కు, ఒక ప్రైవేటు సంస్థ ఖాతా మూయడానికి ఖర్చయింది. ఆ జిల్లాల రైతులనుగాని, నిజాం ప్రజలనుగాని ఎవరూ సంప్రదించలేదు. వివాదానికి సంబంధించిన పత్రాలు అచ్చయింది మాత్రం లండన్‌లో, కంపెనీ వాటాదారుల కోసం.

చాందా రైలు

మొదటి సాలార్‌జంగు 1853 నుండి మూడు దశాబ్దాల పాటు ఈ గుత్తల వ్యవస్థను కూల్చే పని చేశాడు. జీతం పుచ్చుకునే జిల్లా అధికారులు వచ్చారు, ఖజానాకు పరపతి ఏర్పడింది. విచిత్రమేమంటే ఆ పరపతే కొత్త తరహా గుత్తకు తలుపు తెరిచింది. అప్పు పుట్టని రాజ్యంతో లండన్‌లో ఎవరూ ఒప్పందం చేసుకోరు. రాజ్యంలో తొలి రైలు మార్గమైన వాడి-సికింద్రాబాదు లైను 1874లో మొదలైంది. దానిని సికింద్రాబాదు నుండి వరంగల్లు మీదుగా ఒకవైపు మధ్యపరగణాలలోని చాందాకు, మరొకవైపు బెజవాడకు పొడిగించే ఆలోచన తరువాతది. సంప్రదింపులు జరుగుతుండగానే 1883 ఫిబ్రవరి 8న సాలార్‌జంగు కలరాతో మరణించాడు. నిజాం మహబూబ్ అలీఖాన్ అప్పటికి మైనరు. పాలన ఆయన పెద్ద కుమారుడు లాయక్ అలీ, చందూలాల్ వంశీకుడైన రాజా నరేంద్ర ప్రసాద్‌ల చేతికి వచ్చింది.

ప్రతిపాదన సారాంశం ఇది: లండన్‌లో ఒక కంపెనీ ఏర్పడుతుంది, పెట్టుబడి అది సేకరిస్తుంది, ఆ పెట్టుబడిపై ఏటా అయిదు శాతం రాబడికి 20 ఏళ్ళ పాటు నిజాం ప్రభుత్వం హామీ ఉంటుంది. రైలు అంత సంపాదిస్తే ఖజానాకు భారం లేదు. సంపాదించకపోతే తరుగును ఖజానా పూడ్చాలి. వాటాదారుకు నష్టభయం లేదు, కనుక ఖర్చు తగ్గించాలన్న తొందరా కంపెనీకి ఉండదు. దీనికి తోడు హామీ సొమ్ము పౌండ్లలో చెల్లించాలి. రాజ్యం ఆదాయమంతా హాలీ సిక్కా అనే వెండి నాణెంలో వచ్చేది. 1870ల నుండి ప్రపంచ విపణిలో వెండి ధర పడిపోతూ ఉంది. అంటే హామీ అంకె మారకపోయినా దాని బరువు ఏటేటా పెరుగుతుంది. బ్రిటిషు ఇండియాలో హామీ రైళ్ళ విషయంలో ఈ చర్చ అప్పటికే నడిచింది, అందువల్ల హైదరాబాదులోని విద్యావంతులకు ఇది తెలియని సంగతి కాదు.

అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం తదితరులు ఒక సంఘంగా ఏర్పడి పథకాన్ని చర్చించారు. వారు రైలు వద్దనలేదు. వివరాలు ప్రకటించండి, ప్రజలు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వండి అన్నారు. హిందువులు, ముస్లిములు, పారశీకులు, స్థానికులు, బయటినుండి వచ్చిన ఉద్యోగులు ఒకే ప్రశ్నపై కలిసి నిలవడం ఆ నగరంలో కొత్త. ప్రభుత్వం, దాని వెనుక రెసిడెన్సీ, దీనిని ఆందోళనగా పరిగణించాయి. అఘోరనాథ్ వెళ్ళిపోవలసి వచ్చింది, కొన్నేళ్ళకుగాని తిరిగి రాలేదు. అబ్దుల్ ఖయ్యూం కూడా పాలకుల ఆగ్రహానికి గురయ్యాడు. అనంతర కాలంలో ఆయన హైదరాబాదులో కాంగ్రెసును బహిరంగంగా సమర్థించిన తొలి ముస్లిం ప్రముఖులలో ఒకడయ్యాడు.

ఒప్పందం ఆ ఏడాదే కుదిరింది. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే లైను 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. ఏ ఊరి పేరుతో పథకం ప్రసిద్ధమైందో ఆ చాందా వైపు మాత్రం అప్పుడు పట్టాలు పడలేదు. కాజీపేట-బల్హార్షా మార్గం పూర్తయ్యేసరికి 1920ల చివరి సంవత్సరాలు వచ్చాయి. వివరాలు అడిగినవారి అనుమానం నిరాధారం కాదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

లక్ష షేర్ల లెక్క

రైలు ఒప్పందాన్ని లండన్‌లో నడిపినవాడు సర్దార్ అబ్దుల్ హఖ్. బొంబాయి రాష్ట్రపు పోలీసు ఉద్యోగం నుండి నిజాం కొలువుకు వచ్చి, దిలేర్ జంగ్, దిలేరుల్ ముల్క్ బిరుదులు పొందాడు. 1886 జనవరిలో వాట్సన్, స్టువర్ట్ అనే ఇద్దరు ఆంగ్లేయులకు రాజ్యంలోని ఖనిజాలపై 99 ఏళ్ళ హక్కు లభించడంలోనూ కీలకపాత్ర అతనిదే. యెల్లందు ప్రాంతపు బొగ్గును భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ 1870ల తొలి సంవత్సరాలలోనే గుర్తించాడు. అంటే భూమిలో ఏముందో తెలియక ఇచ్చిన హక్కు కాదు. పైగా ఈ ఒప్పందానికి ఇండియా ప్రభుత్వపు సమ్మతి ముద్ర కూడా పడింది.

ఆ ఏడాదే లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ నమోదైంది. మూలధనం పది లక్షల పౌండ్లు, షేరు ఒక్కంటికి పది పౌండ్ల చొప్పున లక్ష షేర్లు. వాటిలో 85,000 షేర్లను, పూర్తిగా సొమ్ము చెల్లించినట్లుగా లెక్క రాసి, హక్కు సంపాదించినవారికే ఇచ్చారు. అది హక్కుకు ధర అన్నమాట. మిగిలిన 15,000 షేర్లను అయిదేసి పౌండ్లు రాబట్టి విపణిలోకి విడుదల చేశారు. గని తవ్వడానికి నిజంగా చేతికి వచ్చిన సొమ్ము 75,000 పౌండ్లు. పది లక్షల పేరున్న కంపెనీ చేతిలో పదమూడో వంతు డబ్బుతో నిలిచింది.

ఇక్కడి దాకా ఇది లాభాపేక్ష అనుకోవచ్చు. అసలు మోసం తరువాతది. ఆ 85,000లో ఒక భాగం అబ్దుల్ హఖ్‌కు ముట్టింది. ప్రభుత్వం తరఫున హక్కు ఇప్పించినవాడే హక్కు పొందినవారిలో చాటు భాగస్వామి. ఆపై నిజాం ప్రభుత్వం కూడా ఆ కంపెనీలో షేర్లు కొంటే మేలని అతడు నచ్చజెప్పాడు. కొనే బాధ్యతా అతనికే అప్పగించారు. దాదాపు 10,000 షేర్లు, ఒక్కొక్కటి పన్నెండు పౌండ్ల ధరకు, లండన్ విపణిలో కొన్నట్లుగా కొన్నాడు. అమ్మినవాడూ అతడే. తన రాజ్యపు గనులను ఉచితంగా ధారపోసిన ఖజానా, అవే గనులలో వాటా కోసం లక్షకు పైగా పౌండ్లు చెల్లించింది. ఒక ప్రభుత్వమే కొంటున్నదన్న వార్త షేరు ధరకు ఊతమిచ్చే సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1888లో అతణ్ణి పదవి నుండి నిలిపివేశారు. దిగువసభ నియమించిన సంఘానికి సర్ హెన్రీ జేమ్స్ అధ్యక్షుడు. నిజాం ప్రభుత్వం తరఫున లండన్ వెళ్ళిన మెహదీ హసన్ విషయాలు నివేదించాడు. సాక్ష్యాలన్నీ అచ్చయ్యాయి. 1883లో హైదరాబాదువారు కోరినదీ ఇటువంటి కాగితాలే.

ఎవరి ప్రశ్నకు జవాబు

షేరు కొన్న లండన్ వాసి నష్టపోతానని భయపడినప్పుడు పార్లమెంటు కదిలింది. హామీ సొమ్ము తన పన్నులనుండి పోతుందని భయపడిన హైదరాబాదు వాసి అడిగినప్పుడు బహిష్కరణ ఎదురైంది. ఈ తేడాను పరాయి పాలన ఖాతాలో మాత్రమే వేయడం తొందరపాటు. షరతులను రహస్యంగా ఉంచాలనుకున్నది దర్బారు కూడా. అందులో దర్బారుకు, రెసిడెన్సీకి ఒకరి అవసరం ఒకరికి ఉంది.

తెలుగు మాట ఈ వ్యవహారంలో ఎక్కడుందన్నది సాహిత్య విద్యార్థులు అడగదగిన ప్రశ్న. రైలు పోయిన వరంగల్లు, బొగ్గు దొరికిన యెల్లందు తెలుగు పలికే ప్రాంతాలు. చర్చ జరిగింది ఉర్దూలో, ఇంగ్లీషులో. అదే కాలంలో గోదావరి అవతల రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1874 నుండి నడిపిన ‘వివేకవర్ధని’ ఉద్యోగుల లంచగొండితనాన్ని, న్యాయస్థానాల అక్రమాలను తెలుగులో ఎండగడుతూ ఉంది. మునసబు లంచం, వకీలు మోసం అక్కడి పాఠకుడికి తన భాషలో పరిహాసవస్తువులయ్యాయి. నిజాం రాజ్యపు తెలుగువారికి అటువంటి పత్రిక అప్పటికి లేదు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోగాని, ‘గోలకొండ పత్రిక’ 1926లోగాని రాలేదు. అందువల్ల 1880ల ఆగ్రహం తెలుగులో ఎలా పలికిందో చూపే పత్రికా రచన లేదు. లేదు గనుక తెలంగాణ రైతుకు ఈ విషయంలో అభిప్రాయమే లేదనుకోవడం పొరపాటు; గుత్త అంటే ఏమిటో వీథి చర్చలకన్న ముందే అతనికి తెలుసు.

ఈ కుంభకోణం నుండి పాలకులు నేర్చిన పాఠం కూడా గమనించదగినదే. 1891లో ఇండియా ప్రభుత్వం, సంస్థానాలలో తన అధీనంలో ఉన్న ప్రాంతాల నుండి అనుమతి లేకుండా వార్తాపత్రికలు ప్రకటించరాదని ఉత్తర్వు చేసింది. సికింద్రాబాదు, రెసిడెన్సీ బజారులు దాని పరిధిలోకి వచ్చాయి. ఒప్పందాల ప్రకటనను తప్పనిసరి చేసే నిబంధన మాత్రం ఆ సందర్భంలో ఎవరూ తేలేదు.

అబ్దుల్ హఖ్ పదవి పోయింది, కంపెనీ పోలేదు. గనుల హక్కు రద్దు కాలేదు. విచారణ ముగిసిన మరుసటి సంవత్సరం బెజవాడ దాకా లైను పూర్తయ్యేసరికి యెల్లందు బొగ్గుకు దారి ఏర్పడింది. హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఆస్తులు 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి సంక్రమించాయి. ఆ కంపెనీలో నియంత్రణకు చాలినన్ని షేర్లను నిజాం ప్రభుత్వం 1945లో, మళ్ళీ డబ్బు పెట్టే, కొనుగోలు చేసింది.