సగం చదివి ఇచ్చిన తీర్పు

హెర్మన్ మెల్విల్ రాసిన మోబీ డిక్ నవలని నేను మూడుసార్లు మొదలుపెట్టా. రెండుసార్లు 32వ అధ్యాయం దగ్గరే ఆగిపోయా. ఆ అధ్యాయంలో కథ ఉండదు. తిమింగలాల్లో రకాలెన్ని, ఏది ఎంత పెద్దది అంటూ, పుస్తకాల సైజుల పేర్లు పెట్టి మరీ వర్గీకరణ! పక్క టీమ్ వాళ్ళ డిజైన్ డాక్యుమెంట్ చదువుతున్నట్టే ఉంటుంది.

ఆపేయడం తప్పేం కాదు. తప్పు ఆ తర్వాత చేశా. ఆఫీసులో లంచ్ దగ్గర ఓ కుర్రాడు "అన్నా, ఆ పుస్తకం కొందామనుకుంటున్నా, ఎలా ఉంది?" అనడిగాడు. "దండగ తమ్ముడూ, ముగింపు కూడా తుస్సుమనిపించాడట" అన్నా. ఆ "అట" గమనించారా? ముగింపు నేను చదివితే కదా!

సరే, నా సంగతి పక్కన పెట్టి చరిత్రలోకి వెళ్దాం. సరిగ్గా ఇదే పని 1851లో జరిగింది.

మెల్విల్ అప్పటికే పేరున్న రచయిత. 1846లో వచ్చిన అతని మొదటి పుస్తకం టైపీ బాగా ఆడింది. మోబీ డిక్ వచ్చేనాటికి వయసు 32. బ్రిటన్లో కాపీరైట్ దక్కాలంటే పుస్తకం అక్కడ ముందు రావాలి. అందుకని న్యూయార్క్ లో అచ్చుకి కూర్పించి, ప్రూఫులు లండన్ పంపాడు. అక్టోబర్ 1851లో బెంట్లీ సంస్థ 'ది వేల్' పేరుతో మూడు సంపుటాలుగా వేసింది, 500 ప్రతులు. నవంబర్లో న్యూయార్క్ లో హార్పర్ సంస్థ మోబీ డిక్ పేరుతో ఒకే సంపుటంగా వేసింది.

మనవాళ్ళకి తెలిసిన భాషలో చెప్పాలంటే, ఒకే సోర్స్ నుంచి రెండు బిల్డులు. రెండూ ఒకటి కాదు. లండన్ బిల్డులో మతం మీద వేసిన చురకలు కత్తిరించారు. అది కూడా పోనీ అనుకుందాం... చివర ఉండాల్సిన ఉపసంహారమే లేదు!

(170 ఏళ్ళు దాటిన పుస్తకానికి స్పాయిలర్ ఏంటి లెండి, చెప్పేస్తా.) కథ చివర్లో తిమింగలం ఓడని ముంచేస్తుంది. కథ చెబుతున్న ఇష్మాయిల్ ఒక్కడే శవపేటిక పట్టుకుని తేలి బతుకుతాడు. అది చెప్పేదే ఆ చిన్న ఉపసంహారం. అది లేకపోతే? అందరూ పోయారు, మరి ఈ కథ చెబుతున్నదెవరు?

లండన్ విమర్శకులు సరిగ్గా అదే అడిగారు. కథకుడికి తెలిసే అవకాశం లేనిది ఎలా రాస్తాడని స్పెక్టేటర్ పత్రిక తప్పుపట్టింది. ముగింపు హడావిడిగా, అస్పష్టంగా ఉందని అథీనియం తేల్చేసింది. జాన్ బుల్ లాంటి పత్రికలు మెచ్చుకున్నాయి కూడా. తిట్టినవాళ్ళని నేను తప్పుపట్టను. చేతిలో ఉన్న ప్రతి చదివి చెప్పారు. అది నిఖార్సయిన బగ్ రిపోర్టే.

అసలు గొడవ అట్లాంటిక్ కి ఇవతల జరిగింది. అమెరికా ప్రతిలో ఉపసంహారం భేషుగ్గా ఉంది. అయినా బోస్టన్ పోస్ట్ పత్రిక అథీనియం తీర్పునే ఎత్తి అచ్చేసి, అదే నిజమంది. ఆ సమీక్షకుడు తాను చదివింది దాదాపు సగమేనని అక్కడే ఒప్పుకున్నాడు కూడా! పుస్తకం పెట్టే డబ్బుకి తగదనీ రాశాడు. ఒక బిల్డులో బగ్ ని ఇంకో బిల్డు మీద వేశారు, రన్ చేసి చూడకుండానే.

పుస్తకం పడిపోయింది ఆ ఒక్క సమీక్ష వల్లే అనను. నిజంగానే కష్టమైన పుస్తకం, 135 అధ్యాయాలు. స్నేహితుడు డైకింక్ కూడా మెచ్చీ మెచ్చనట్టే రాశాడు. కానీ ఇలాంటి అరువు తీర్పులు ఖర్చులేనివి కావు. మెల్విల్ బతికుండగా అమెరికాలో అమ్ముడైనవి సుమారు 3,200 ప్రతులు. 1866 నుంచి 1885 దాకా న్యూయార్క్ రేవులో కస్టమ్స్ ఇన్స్పెక్టరుగా పనిచేశాడు, రోజుకి 4 డాలర్ల జీతానికి. 1887కి మోబీ డిక్ అచ్చులోనే లేదు. 1891లో పోయాడు. 1919లో శతజయంతి వచ్చింది, 1921లో రేమండ్ వీవర్ జీవితచరిత్ర వచ్చింది, అప్పుడు గానీ జనం మళ్ళీ పుస్తకం తెరవలేదు.

ఇప్పుడు గాలి తిరిగింది, గొప్ప నవల అనకపోతే చిన్నచూపు. అదీ అరువు తీర్పే. మన వేయిపడగలు మీద వాదనలు వింటున్నప్పుడు కూడా నాకిదే అనుమానం, పొగిడేవాళ్ళలో ఎంతమంది, తిట్టేవాళ్ళలో ఎంతమంది చివరి పేజీ చూశారా అని. బోరు కొట్టిందనడం పాఠకుడి హక్కు. ఎక్కడిదాకా చదివామో కూడా చెప్పడం మర్యాద.

మూడోసారి కంపెనీ బస్సులో రోజూ పది పేజీల చొప్పున పూర్తిచేశా. 32వ అధ్యాయం ఇప్పటికీ బోరే. చివరి మూడు అధ్యాయాలు చదివిన రోజు మాత్రం దిగాల్సిన స్టాపు దాటిపోయా.

మొన్న ఆ కుర్రాడికి ఫోన్ చేసి, అప్పట్లో నేను 32 దగ్గరే ఆపేశానని ఒప్పుకున్నా.

"ఆ ముక్క అప్పుడే చెప్తే కొనుక్కునేవాణ్ణి కదన్నా" అన్నాడు.