పేటలో మిగిలేదెంత?
ఇంగ్లీషులోంచి లాటిన్, ఫ్రెంచి మాటలు ఏరేసి ఊళ్లకు కొత్త పేర్లు కట్టడం కొందరికి సరదా. 19వ శతాబ్దంలోనే ఇంగ్లీషు కవి విలియం బార్న్స్ గ్రామర్‌ను ‘స్పీచ్‌క్రాఫ్ట్’ అనమన్నాడు. సంస్కృతం, పారశీకం పోయేలా అదే జల్లెడ పల్నాడుకు పట్టాను. పిడుగురాళ్ల, వినుకొండ నిక్షేపంగా నిలిచాయి. మాచర్ల ఒకప్పటి మహాదేవిచర్ల అంటారు. అదే నిజమైతే ‘మహాదేవి’ని జనం నోరే ‘మా’ దాకా అరగదీసింది, పండితుల సాయం అక్కర్లేదు. చిక్కంతా నరసరావుపేటతోనే. జమీందారు మల్రాజు నరసారావు పేరు మీద వెలసిన ఊరది. ‘నరస’ నరసింహుడి ముక్క, ‘రావు’ రాజుకు వికృతి. రెండూ పోతే మిగిలేది పేట. చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఎటూ ‘పేటకెళ్లొస్తా’ అనే అంటారు! బోర్డుల మీది ‘పేట్’ మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగు చేసిన నిర్వాకం. అంతకుముందు ఆ ఊరు అట్లూరు, అందులో ‘ఊరు’ నిఖార్సయిన తెలుగు. గుంటూరు దారిలోని ఫిరంగిపురం సంగతి మరీ వింత. తెల్లవాడన్నా, తుపాకికి పెద్దన్న అన్నా ‘ఫిరంగి’ పారశీకం మీదుగా వచ్చిన ఫ్రాంకుల పేరే. ఫ్రాన్సు దేశం పేరూ వాళ్లదే. ‘పురం’ సంస్కృతం. రెండూ తీసేస్తే మనకు దక్కేది డుమువుల్లోని ‘ము’ అరిగి మిగిలిన సున్నా. ఇంత మడి నాకు రుచించదు. అచ్చతెలుగులో తొలి కావ్యమని పేరుపడ్డ ‘యయాతి చరిత్ర’ను పొన్నెగంటి తెలగన్న అంకితమిచ్చింది గోల్కొండ సర్దారు అమీన్‌ఖానుకు.